మూలకర్త వాంగ్మూలం

ఆ ఉదయం ఆచార్యులవారు రొట్టెముక్క మీద వెన్న రాస్తూ లోకంలోని దొంగలందరినీ శిక్షిస్తున్నారు. ఇరవై తొమ్మిదేళ్లుగా విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్ర విద్యార్థులకు కాపీరైట్ చట్టం బోధిస్తున్న ఆ మహానుభావుడికి ఆకలీ ధర్మాగ్రహమూ ఒకే వేళకు పుట్టడం ఆ ఇంట్లో రివాజు. నాటి ముద్దాయి వీధి చివరి జిరాక్సు దుకాణదారు. ఆచార్యులవారి పాఠ్యగ్రంథాన్ని అధ్యాయాలవారీగా నకళ్లు తీసి, స్ప్రింగు బిగించి, విద్యార్థులకు అమ్మడం అతడి నేరం.

"పట్టపగలు దోపిడీ! పైగా నన్ను చూసి నవ్వుతాడు కూడా. ఏం ధైర్యం వాడికి!"

"వాడి పుణ్యమా అనే కదండీ పిల్లలు చదువుతున్నారు," అంది ఇల్లాలు టీ వడకడుతూ. "మీ అసలు పుస్తకం కొనగలిగే స్తోమతున్న వాడికి ఇక లా చదవాల్సిన పనేముంది?"

"ఇదిగో, ఈ ఉదారబుద్ధే దేశాలను ముంచుతోంది. అడగాలి! ఒకడి రాతను వాడుకునేముందు అడగాలి! ఆ ఒక్క ముక్క జనం బుర్రకెక్కితే నేను రేపే పదవీ విరమణ చేస్తాను."

బల్ల మీద ఆ గ్రంథరాజం ఎనిమిదో కూర్పు ప్రూఫులు కొలువుదీరి ఉన్నాయి. దాని కీర్తి సామాన్యమైనది కాదు. నిజానికి అధ్యాయాలను ఆసాంతం చదివిన విద్యార్థిని ఇంతవరకు ఎవరూ కళ్లారా చూడలేదు. అందరూ చదివేది అధ్యాయాల చివరనుండే సమస్యలను. తగువులాడుకునే దర్జీలు, ఒకే పాటకు ఇద్దరు తండ్రులు, పక్కింటివాడి గోడ బొమ్మను గోడతో సహా కొనేసిన పెద్దమనిషి, ఇలాంటివి నూట పద్నాలుగు. పరీక్ష గట్టెక్కిన చాలా ఏళ్లకు కూడా, పెద్ద పెద్ద న్యాయవాదులు పది మంది కలిసిన చోట వాటిని కథల్లా చెప్పుకుని నవ్వుకునేవారు.

అంతలో కూతురు గదిలోంచి వచ్చింది. అదే విశ్వవిద్యాలయంలో లా చివరి సంవత్సరం చదువుతోంది. ఇంట్లో అందరికీ చిట్టి. ఆ పిల్ల రొట్టె వంక చూడలేదు. చేతిలోని కాగితాన్ని తండ్రి పళ్లెం పక్కన పెట్టింది.

"నిన్న వచ్చింది నాన్నా. చెప్పడానికి ధైర్యం చాల్లేదు."

ఆచార్యులవారు కళ్లజోడు సవరించుకుని, అలవాటు కొద్దీ పైకే చదివారు. "విద్యార్థిని సమర్పించిన వ్యాసంలోని ఒక భాగం ఈ దిగువ గ్రంథంతో తొంభైమూడు శాతం సరిపోలినట్టు యంత్రపరిశీలనలో తేలినందున... నేరం రుజువైనచో ఒక సంవత్సరం బహిష్కరణ... సదరు గ్రంథ మూలకర్త మరునాటి ఉదయం పదకొండు గంటలకు హాజరై, అనుమతి ఇచ్చినదీ లేనిదీ వాంగ్మూలం..." దిగువ గ్రంథం పేరు దగ్గర ఆయన గొంతు ఆగిపోయింది. అది ఆయన గ్రంథమే.

"నా కూతురు," అన్నారు. జిరాక్సు దుకాణదారు ఆ క్షణంలోనే నిర్దోషిగా విడుదలయ్యాడు. "నా కూతురు, నా పుస్తకం నుంచి, కాపీ కొట్టింది."

"కొట్టలేదు నాన్నా."

"తొంభైమూడు శాతం చిట్టీ! యంత్రానికి నీ మీద పగా?"

"మీ పుస్తకం నేను చదివితే కదా కొట్టడానికి."

దొంగ అన్న మాటను ఆచార్యులవారు ఎలాగో భరించగలరు. కన్నకూతురు తన పుస్తకం చదవలేదన్న మాట మాత్రం నేరుగా వెళ్లి ఎముకకు తగిలింది.

"చదవలేదా?"

"క్లాసులో అందరూ హక్కులస్వామి కూతురు అని ఏడిపిస్తారు. ఆ పుస్తకం చేత్తో పట్టుకోవాలంటేనే సిగ్గేసేది. ఆ పేపరుకి వేరే పుస్తకాలు చదివి రాశాను. సరిపోలిందంటున్న ఆ దర్జీ, కర్టెన్ మీద చిలుక కథ అమ్మ చెప్పింది. అయిదో తరగతిలో కాలు విరిగి మంచంలో ఉన్నప్పుడు రోజుకొకటి, ఒక్క మాట మారకుండా, నాకు కంఠతా వచ్చేదాకా చెప్పేది. అది మీ పుస్తకంలో ఉందని నాకేం తెలుసు?"

"అదీ సంగతి!" ఆచార్యులవారి ముఖం వికసించింది. "మీ అమ్మ నా పుస్తకంలోంచి చెప్పింది, నువ్వు మీ అమ్మ నుంచి విన్నావు. పరోక్ష నకలు. ఆరో అధ్యాయం. నేను వచ్చి చెబుతాను, తెలియక చేసిందని. నువ్వు ఒప్పుకుని క్షమాపణ రాసియ్యి. మందలించి వదిలేస్తారు."

"దొంగనని నా చేత్తో రాసివ్వాలా? రేపు లాయరుగా నమోదు చేసుకునేటప్పుడు ఆ కాగితం ముందే వచ్చి కూర్చుంటుంది నాన్నా!"

"ఏమండీ," అంది ఇల్లాలు.

ఆమె టీ గిన్నె పక్కన పెట్టి చేతులు తుడుచుకుంది. గొంతు మామూలుగానే ఉంది. ఆ ఇంట్లో భయపడవలసింది అప్పుడే.

"ఎవరి పుస్తకంలోంచి చెప్పానూ?"

"నా... అంటే మన... అబ్బా, ఇప్పుడు ఆ చర్చ దేనికి? టైపు చేసింది నువ్వేగా, నేనెప్పుడైనా కాదన్నానా? ముందుమాటలో కృతజ్ఞతలు కూడా చెప్పాను."

"ఓపికగా టైపు చేసి, వేళకు టీ అందించినందుకు."

"చెప్పానా లేదా?"

"ఏడు కూర్పుల్లోనూ చెప్పారు. ఒక్క అక్షరం మారలేదు." ఆమె లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. అలమర లాగిన చప్పుడు వినిపించింది.

ఇక్కడ పాఠకులకు కొంత పూర్వచరిత్ర విన్నవించాలి. పెళ్లినాటికి ఆమె కోర్టులో స్టెనోగ్రాఫరు. ఇరవై ఏడేళ్ల కిందట, మొదటి కూర్పు రాసే రోజుల్లో ఆచార్యులవారు హాలంతా పచార్లు చేస్తూ పలుకుతుంటే, ఆమె షార్ట్‌హ్యాండ్‌లో తీసుకుని తెల్లవారి టైపు చేసేది. సూత్రాల దగ్గర ఆయన వాక్కు జలపాతం. ఉదాహరణ కావలసిన చోట మాత్రం, "ఇక్కడొక సమస్య వెయ్యాలి" అని చెయ్యి ఊపి తరువాతి సూత్రానికి వెళ్లిపోయేవారు. ఆ సమస్య ఎవరు వేస్తారన్నది ఆయన ఎన్నడూ అడగలేదు. ప్రూఫులు వచ్చేవేళకు అది అక్కడ ఉండేది. చదివి, "ఇది భలే కుదిరింది సుమా!" అని ఆయన తనను తానే మెచ్చుకునేవారు. మూడో కూర్పు నాటికి ఆ సమస్యలు తన మెదడులోనే పుట్టాయని నిష్కల్మషంగా నమ్మసాగారు. దొంగకైనా దొంగిలించిన సంగతి గుర్తుంటుంది. ఆచార్యులవారు ఆ మెట్టు కూడా దాటిపోయారు.

పదకొండు గంటలకు విచారణ గదిలో పొడుగాటి బల్లకు ఒకవైపు ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో డీన్‌గారు, ఇటు క్రిమినల్ లా మాస్టారు, అటు లైబ్రేరియన్. డీన్‌గారు ఒకప్పుడు ఆచార్యులవారి శిష్యురాలే. ఆమె ఎదుట చిట్టి వ్యాసం, పక్కనే ఆచార్యులవారి గ్రంథం, రెండింటా పసుపురంగు గీతలు.

"సార్, ఈ భాగాన్ని వాడుకోవడానికి మీరు అనుమతి ఇచ్చారా?"

ఆచార్యులవారు గొంతు సవరించుకునేలోపే తలుపు తెరుచుకుంది. ఇల్లాలు వచ్చింది, ఛాతీకి అదుముకున్న పాత నోట్‌బుక్కులతో.

"అమ్మా, ఇది కమిటీ విచారణ. బయటివాళ్లు..."

"మూలకర్త రావాలని రాశారు కదా మేడమ్. అందుకే వచ్చాను," అంది ఆమె.

నోట్‌బుక్కు తెరిచి బల్ల మీద పెట్టింది. ముగ్గురు పండితులు ముందుకు వంగారు. కాగితం నిండా కొక్కేలు, చుక్కలు, సిరాలో తడిసిన చీమ నడిచిన జాడలు. పైన తేదీ మాత్రం అందరూ చదవగలిగేలా ఉంది. మొదటి కూర్పు వెలువడడానికి పదకొండు నెలల ముందుది. క్రిమినల్ లా మాస్టారు పుస్తకాన్ని తిప్పి చూశారు, మళ్లీ తిప్పారు.

"ఇది ఏ భాషండీ?"

"మనదే. తొందరలో ఉన్నప్పటిది. చదవనా?"

చదివింది. ఒక దర్జీ కర్టెన్ మీద చిలుక బొమ్మ కుట్టాడు. ఊళ్లో ప్రతి కిటికీకీ అలాంటి చిలుకే కావాలన్నారు. ఎదురు దుకాణం దర్జీ అదే చిలుకను తోక మార్చి కుట్టాడు. మొదటి దర్జీ దావా వేశాడు. డీన్‌గారి వేలు గ్రంథంలోని పసుపు గీత వెంట మాటమాటకూ కదులుతోంది. గీత అయిపోయిన చోట వేలు ఆగింది. ఇల్లాలి గొంతు మాత్రం ఆగలేదు.

"చిలుకకు రంగులు ఎంచి, రెక్కలు గీసి ఇచ్చింది దర్జీ భార్య. ఆమె హక్కు ఏమిటో కోర్టులో ఎవరూ అడగలేదు. మీరు అడగండి."

"ఈ మాటలు పుస్తకంలో లేవే," అన్నాడు లైబ్రేరియన్.

"అమ్మాయి వ్యాసంలో ఉన్నాయి," అన్నారు డీన్‌గారు నెమ్మదిగా. "యంత్రం సరిపోలలేదన్న ఏడు శాతం ఇవే." ఆమె కళ్లజోడు తీశారు. "పుస్తకంలోంచి కాపీ కొట్టిన వాళ్లకు పుస్తకంలో లేని మాటలు ఎక్కడి నుంచి వస్తాయి? సార్, ఈ సమస్య మీరు రాశారా?"

"నా పర్యవేక్షణలో..."

"పర్యవేక్షణ వల్ల కర్తృత్వం సంక్రమించదు. నాలుగో అధ్యాయం, సార్. మీరే చెప్పారు మాకు. పరీక్షలో నాకు ఒక మార్కు తగ్గించారు కూడా, అది రాయనందుకు."

ఆచార్యులవారు కూతురి వంక చూశారు. ఆ పిల్ల బల్ల అంచును గట్టిగా పట్టుకుని ఉంది. ఒక్క అబద్ధం, అదీ అబద్ధమని ఈ ఉదయం వరకు తనకే తెలియనిది, మరొక్కసారి పలికితే చాలు. ఎనిమిది కూర్పుల సామ్రాజ్యం చెక్కుచెదరదు. కూతురు మాత్రం దొంగగా మిగిలిపోతుంది.

"లేదు," అన్నారాయన. "నేను రాయలేదు. ఆ చివరి మాటలు కొట్టేసింది మాత్రం నేనే. ఉమ్మడి కర్తృత్వం తొమ్మిదో అధ్యాయంలో వస్తుంది కదా, ఇక్కడ విద్యార్థులు గందరగోళపడతారని."

"మొత్తం ఎన్ని సమస్యలు, అమ్మా?"

"నూట పద్నాలుగులో నూట పన్నెండు. తక్కిన రెండూ వారివే. ఏ ఏడూ ఎవరూ జవాబు రాయకుండా వదిలేస్తారే, అవి."

క్రిమినల్ లా మాస్టారు నవ్వు ఆపుకోవడానికి నీళ్లు తాగారు. చిట్టి లేచి తల్లి చెయ్యి పట్టుకోబోయింది. తల్లి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నువ్వేం సంబరపడకు. కథ చెప్పిందెవరో నీకు తెలుసు. కాగితం మీద ఒక్క ముక్క పెట్టావా?"

"అమ్మా... అమ్మ చెప్పిన కథకి ఫుట్‌నోట్ వేస్తారా ఎవరైనా?"

"అమ్మ కాకపోతే వేసేదానివి! ఏ ముక్కూ మొహం తెలియనివాడు చెప్పినా వాడి పేరు, పుస్తకం, పేజీతో సహా వేసేదానివి. అమ్మంటే గాలి, అమ్మంటే కుళాయి నీళ్లు. ఆయన ఇరవై ఏడేళ్ల కిందట అలాగే అనుకున్నారు. నువ్వు లా చదివి, బంగారుతల్లీ, అదే అనుకున్నావు!"

చిట్టి తల దించుకుంది. కన్నీళ్లు వ్యాసం మీది పసుపు గీతల్లో పడి రంగు పాకింది.

"తప్పే అమ్మా. నిన్ను అడగాల్సింది. ఇప్పుడు అడుగుతున్నాను, వాడుకోనా?"

ఆ గదిలో విచారణ ఎప్పుడో చేతులు మారింది.

"వాడుకో. నా పేరు రాసి వాడుకో." డీన్‌గారి వైపు తిరిగింది. "రాసుకోండి మేడమ్. మూలకర్త అనుమతి ఇచ్చింది."

కమిటీ అభియోగాన్ని కొట్టివేసింది. మూలాన్ని పేర్కొంటూ వ్యాసాన్ని తిరిగి సమర్పించమంది.

సాయంత్రం ఆచార్యులవారు మహా ప్రసన్నులై హాల్లోకి వేంచేశారు. పశ్చాత్తాపాన్ని కూడా ఘనంగా నిర్వహించడం వారి స్వభావం. చేతిలో ఎనిమిదో కూర్పు అట్ట నమూనా ఉంది.

"ఇదిగో చూడు. నీ పేరు అట్ట మీద వేయిస్తున్నాను. నా పేరు పక్కనే, అదే సైజులో. కావాలంటే పైన. ప్రచురణకర్తకు రేపే పంపాలి."

"వేయిస్తున్నారా?"

"వేయిస్తున్నాను!"

"ఎవర్ని అడిగి?"

ఆయన చెయ్యి గాల్లో ఆగింది.

"నా రాతలు నాకు చెప్పకుండా తీసుకున్నారు. ఇప్పుడు నా పేరు కూడా నాకు చెప్పకుండానే తీసుకుంటున్నారు. మీరిచ్చే బహుమానమా అది? ఇన్నేళ్లలో ఒక్కసారి, టీ తాగుతూనైనా, ఇది నువ్వు రాశావా, వేసుకోమంటావా అని అడిగారా? జిరాక్సు వాడినైతే అడగలేదని పొద్దున్నే తిట్టారే!"

ఆచార్యులవారు అట్టను బల్ల మీద పెట్టి కూర్చున్నారు. వారి వద్ద ప్రతి వాదానికీ ప్రతివాదం ఉండేది. వెతికారు. దొరికినవన్నీ తన పుస్తకంలోనే తనకు వ్యతిరేకంగా రాసి ఉన్నాయి.

"నీ సమస్యలు ఎనిమిదో కూర్పులో వేసుకోవచ్చా?" అన్నారు చివరికి. ఆ వాక్యానికి ఏ విశేషణమూ లేదు.

"వద్దు."

"వద్దా?"

"వద్దు. నావి నేనే వేసుకుంటానేమో. వేసుకోనేమో. ఇంకా ఆలోచించలేదు. ఇప్పటికి మాత్రం వద్దు."

ఆమె లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. గది గుమ్మంలో నిలబడి వింటున్న చిట్టి, తండ్రి ముఖం చూసింది. హక్కు అంటే అవతలివాడు వద్దనగలగడమని ఏటా మొదటి క్లాసులో బల్ల గుద్ది చెప్పే మనిషి, ఆ మాట తన చెవిన పడడం ఎలా ఉంటుందో ఇప్పుడే తెలుసుకుంటున్నాడు. ఆయన ఫోను తీసి ప్రచురణకర్త నంబరు కలిపారు.

"నేనేనండీ. సమస్యలన్నీ తీసెయ్యండి... అవును, అన్నీ. రచయిత్రి అనుమతి ఇవ్వలేదు."

అవతల గొంతు పెద్దదైంది.

"తెలుసండీ, అవి లేకపోతే ఎవరూ కొనరని. నాకూ ఇవాళే తెలిసింది... లేదు, మీరు మాట్లాడి ఒప్పించక్కర్లేదు. నేనూ ఒప్పించను. ఆవిడ వద్దంది."

ఫోను పెట్టి వెనక్కి తిరిగితే వంటింటి గుమ్మంలో ఆమె ఉంది. కళ్లు తడిగా ఉన్నాయి. ముఖంలో కోపం మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

"నాకింకా తగ్గలేదు," అంది.

"తెలుసు."

"ఇప్పట్లో తగ్గదు కూడా."

"అలాగే."

ఆమె మణికట్టుతో కళ్లు తుడుచుకుని, "చిట్టీ, నువ్వూ రా," అంది. "రండి, భోజనం చల్లారిపోతోంది."