ఎనిమిది రాళ్ల తూకం

జిల్లాలు విడిపోయిన మరుసటి ఏడు, జనవరి చివర్లో ఒక బుధవారం పొద్దున మార్కాపురంలో ప్రైవేటు పరిశోధకురాలు రాజేశ్వరమ్మ ఆఫీసుకు ఒక ముసలాయన వచ్చాడు. ఆఫీసు బట్టల దుకాణం పైన ఉంది. మెట్లెక్కిన ఆయాసం తీరినా ఆయన గడప దాటలేదు.

"లోపలికి రా అన్నా. కూర్చో. నీ పేరేంది?" అంది రాజేశ్వరమ్మ. పోలీసు శాఖలో వేలిముద్రల విభాగంలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన మనిషి ఆమె. ఎదుటివాడి ముఖం కన్నా ముందు చేతులు చూస్తుంది.

"సీమోనమ్మా. మాది పెద్దారవీడు పక్కన. నలభై ఏండ్లు పలకల పని చేసినా. నా మనవరాలికి కష్టమొచ్చింది."

మనవరాలు యేసుమణి కంభం రోడ్డులో ఉన్న బోర్డింగు స్కూల్లో స్కాలర్‌షిప్పు మీద చదువుతోంది.

"ఇంటర్ లాంటిదేనంట గానీ ఇంటర్ కాదంట. డిప్లొమా అంటారు, అన్ని దేశాల్లోనూ చెల్లుద్దంట. ఆరు సబ్జెక్టులు చదవాల. ఆపైన సొంతంగా ఒక పెద్ద వ్యాసం రాయాల. మా పిల్ల దేని మీద రాస్తాందో తెలుసా అమ్మా? మన రాయి మీద! మన రాయి ఎన్ని నీళ్లు తాగుద్దో కనుక్కుంటాంది."

చెబుతూ చెబుతూ ఆయన బల్ల మీద కాగితాలు ఎగిరిపోకుండా పెట్టిన నల్లరాయి ముక్కను చేతిలోకి తీసుకున్నాడు. బొటనవేలు దాని అంచు మీద నడిచింది.

"మరి కష్టమేంది?"

"దొంగలెక్కలు రాసిందని పట్టుకున్నారంట. సోమవారం ఫోన్లో ఆ ఒక్క మాటే చెప్పి ఏడ్చింది. రేపు సాయంత్రం బోర్డుకు రాసి పంపుతారంట. పంపినారంటే రెండేండ్ల చదువూ పాయె, స్కాలర్‌షిప్పూ పాయె. అది అబద్ధం రాసే పిల్ల కాదమ్మా. ఎవురో కావాలని చేసినారు. వాడెవుడో నువ్వు పట్టుకోవాల."

రాజేశ్వరమ్మ సహాయకుడు బ్రహ్మానందం గుడ్డ తీసుకుని వచ్చాడు. "ఏంది తాతా ఇది! ఇప్పుడే తుడిచినా ఈ బల్ల."

బల్ల మీద బూడిదరంగు పొడి, చిన్న చిన్న రాతి పెచ్చులు పడి ఉన్నాయి. సీమోను చేతిలో అరిగిపోయిన రంపం బ్లేడు ముక్క ఉంది. దాన్ని జేబులోంచి ఎప్పుడు తీశాడో ఆయనకే తెలిసినట్టు లేదు.

"అయ్యో, చూసుకోలేదు నాయనా," అని పొడినంతా అరచేతిలోకి ఊడ్చుకుని, కిటికీ బయట పూలకుండీలో వేసి వచ్చాడు.

మధ్యాహ్నానికి ముగ్గురూ స్కూలు చేరారు. సీమోను వరండాలోనే కూర్చున్నాడు. ల్యాబు తాళం తీసింది సైన్సు టీచరు అనంతలక్ష్మి. ఎనిమిది ప్లాస్టిక్ డబ్బాల్లో ఎనిమిది రాళ్లు నీళ్లలో నానుతున్నాయి. నంబర్లు డబ్బాల మీదే ఉన్నాయి.

"యేసుమణి ప్రతి శనివారం వీటిని తుడిచి తూకం వేసి నోటుబుక్కులో రాస్తుంది," అంది టీచరు. "సోమవారం పొద్దున నేను తనిఖీ చేశాను. నానిన రాయి బరువు పెరగాలి కదండీ? ఆరు రాళ్లు మొదటి రోజు పొడిరాయి బరువు కన్నా తక్కువ తూగాయి. అంటే మొదటి నుంచీ తోచిన అంకెలు రాసిందన్నమాట. ఆ పిల్లంటే నాకూ ఇష్టమే. కానీ నేను దాచలేను."

"ఆరేనా? మిగతా రెండు?"

"మూడు, ఆరు నంబర్లు సరిగ్గానే ఉన్నాయి."

యేసుమణిని పిలిపించారు. కళ్లు వాచి ఉన్నాయి. మాట మాత్రం తడబడలేదు.

"శనివారం నేను తూచినప్పుడు అన్నీ సరిగ్గా ఉన్నాయి మేడం. సోమవారం నుంచి నన్ను ల్యాబులోకి రానియ్యలేదు."

"ఆదివారం ల్యాబులోకి ఎవరొచ్చినారు?"

"పెద్దవాళ్లు చూడ్డానికి వచ్చే రోజు మేడం. మా క్లాసు మల్లి తాళం తీసి పెట్టినాడు. అందరి అమ్మానాయనలూ వచ్చినారు. మా తాతొచ్చినాడు. భోజనాల దగ్గర పెద్ద వరస ఉంటే, తాతను ఇక్కడే కూర్చోబెట్టి నేను ప్లేటు తేను పోయినా."

"ఈ రాళ్లు ఎక్కడివి?"

"ఆరు రాళ్లు గనిలో నుంచి మా తాత తెచ్చిచ్చినవి. మూడు, ఆరు నంబర్లవి మల్లి వాళ్ల ఫ్యాక్టరీలో మిషను మీద కోసినవి."

బ్రహ్మానందం రాజేశ్వరమ్మ చెవి దగ్గరికి వంగాడు. "మేడం, దొరికినాడు! తాళం వాని చేతిలోనే, వాని రాళ్లు మాత్రమే బాగున్నాయి."

మల్లి అనే మల్లికార్జునరావు కూడా అదే డిప్లొమా చదువుతున్నాడు. వాళ్ల నాయనకు మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీ ఉంది. పిలవగానే వచ్చి నిలబడ్డాడు.

"నువ్వు రాళ్లు ముట్టుకున్నావా?"

"నాదే రాసుకోను టైము లేదు మేడం, ఆమెది చెడగొట్టేకి యాడుంది? తాళం తీసి మా అమ్మోళ్ల దగ్గరికి పోయినా. అయినా చెడగొట్టాలంటే మా రాళ్లు వదిలిపెడతానా? నేనే చేసినానని బోర్డు కట్టుకున్నట్టుంటది."

"విన్నావా బ్రహ్మం?" అంది రాజేశ్వరమ్మ. బ్రహ్మానందం ముఖం తిప్పుకున్నాడు.

ఆమె నోటుబుక్కు తెరిచింది. మొదటి పేజీల్లో యేసుమణి ఒక్కో రాయినీ కాగితం మీద పెట్టి చుట్టూ పెన్సిలుతో గీసి ఉంది. రాజేశ్వరమ్మ ఒక రాయి తీసి, తుడిచి, దాని గీత మీద పెట్టి చూసింది. ఇంకొకటి పెట్టింది. ఎనిమిదీ అయ్యాక కిటికీ దగ్గరికి వెళ్లి బయటికి తొంగిచూసింది. కింద క్రోటన్ మొక్కల కుండీలు వరసగా ఉన్నాయి. వంగి ఒక కుండీలో చెయ్యి పెట్టింది. గుప్పిట మూసి, వరండాలో కూర్చున్న సీమోను వైపు చూసింది.

"అందరినీ ల్యాబులోకి పిలువు," అని బ్రహ్మానందంతో చెప్పింది.

అందరూ బల్ల చుట్టూ నిలబడ్డారు. సీమోను గుమ్మం దగ్గరే ఆగిపోతే, యేసుమణి చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చింది.

"ఈ రాళ్లను ఎవరూ మార్చలేదు," అని రాజేశ్వరమ్మ మొదలుపెట్టింది. "టీచరుగారూ, మీ తూకం నిజం. ఈ పిల్ల తూకమూ నిజమే. ఇదిగో, మొదటి రోజు గీత. రాయి దీనికన్నా చిన్నదైంది. అన్ని పక్కలా కాదు, అంచు వంకరగా ఉన్నచోటే. మూడు, ఆరు నంబర్లకు ముందే మిషను అంచులు ఉన్నాయి కాబట్టి వాటికి చెయ్యి తగల్లేదు. చెడగొట్టాలనుకున్నవాడు నున్నగా ఉన్నదాన్ని ఏరి వదిలిపెట్టడు. పగలగొట్టిపోతాడు."

చేతిలోని పెచ్చులను ఆమె బల్ల మీద పోసింది. వాటిలో ఒకదాన్ని ఐదో నంబరు రాయి అంచుకు జరిపింది. పెచ్చు రాతికి అతుక్కున్నట్టు కూర్చుంది. రాయి అంచు పెన్సిలు గీతకు ఆనుకుంది.

"ఇవి కిటికీ కింద కుండీలో దొరికినాయి. చేసిన మనిషి పొడి కూడా నేల మీద ఉంచలేదు." ఆమె సీమోను వైపు తిరిగింది. "సీమోనన్నా, ఈ రాళ్లు చూడు. పని ఎట్లుంది?"

సీమోను దగ్గరికి వచ్చి ఒక రాయి పట్టుకున్నాడు. ముఖం విచ్చుకుంది.

"బాగుంది గదమ్మా. నేనే సాపు చేసినా, ఆదివారం. ఇంతమంది గొప్పోళ్లు చూసేకి వచ్చినారు, మా పిల్ల రాళ్లేమో మొరటుగా ఉండె. ఆ ఫ్యాక్టరీ రాళ్ల పక్కన మావి తలొంచుకున్నట్టు అనిపించినాయి. అందుకే..."

సీమోను అందరి ముఖాలూ చూశాడు. చివరికి బల్ల మీది తక్కెడ వైపు చూశాడు.

"పలకను లెక్కపెట్టి అమ్ముతారమ్మా," అన్నాడు మెల్లగా. "తూకం యాడ వేస్తారు? నా బతుకులో పలకను తూచినోణ్ణి చూడలేదు." ఆయన మనవరాలి వైపు తిరిగాడు. "నేనా తల్లీ? నీ చదువు తీసింది నేనా?"

యేసుమణి ఆ రాయిని ఆయన చేతిలోంచి తీసి మళ్లీ నీళ్లలో పెట్టింది. "ఊరుకో తాతా. నాకు చెప్పి చేసుంటే ముందే తూచుకునేదాన్ని గదా."

అనంతలక్ష్మి బోర్డుకు రాసి పెట్టుకున్న ఉత్తరాన్ని నాలుగు ముక్కలు చేసింది. "శనివారం వరకు ఉన్న అంకెలు చాలు. కానీ యేసుమణీ, ఆదివారం ఏం జరిగిందో వ్యాసంలో రాయాలి. మీ తాత పేరుతో సహా."

"రాస్తాను మేడం."

"నా పేరా?" అన్నాడు సీమోను భయంగా. "తప్పు చేసినోని పేరా?"

"కాదు తాతా. పనోని పేరు."

రెండు నెలల తర్వాత సీమోను మళ్లీ ఆఫీసు మెట్లెక్కాడు. వ్యాసం పంపారని చెప్పి, వెంట తెచ్చిన సపోటాలు బల్ల మీద పెట్టి కూర్చున్నాడు. ఆయన చెయ్యి బల్ల మీది నల్లరాయి దగ్గరికి పోయింది. ఆ రాయికి మూడు అంచులు నున్నగా ఉన్నాయి. నాలుగోది ఇంకా మొరటుగానే ఉంది. బ్రహ్మానందం దగ్గడంతో చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాడు.

రాజేశ్వరమ్మ రాయిని ఆయన వైపు జరిపింది.

"కానియ్యి అన్నా. దీన్ని ఎవురూ తూకం వేయరులే."