పదమూడో ఫ్లాస్కు

"వరాహం, రాయగడ వెళ్లు. ఒక కుండని కాపాడాలి."

"కుండా, సర్?"

"తరవాణి కుండ. కోడ్ నేమ్ అమృతం."

పదిహేనేళ్ల సర్వీసు, మూడు బులెట్ గాయాలు, చివరికి పులిసిన గంజికి కాపలా! ఏజెంట్ వరాహనరసింహానికి ఒళ్లు మండిపోయింది. ఫైలు చదివాక మాత్రం వేషం సర్దుకున్నాడు. రాయగడ రైల్వే కాలనీలో సింహాచలమ్మ ముప్పై ఏళ్లుగా ఖాళీ కానివ్వని కుండ అది. ఆ ఏడు, 1974లో, ఊరంతా విరేచనాలతో మంచం పడితే ఆమె తరవాణి తాగిన పిల్లలకి ఏమీ కాలేదు. అందులోని బాక్టీరియా పేగుల్లో చేరి, రోగంతో పోరాడటం ఒంటికి నేర్పుతోందని డాక్టర్ కమలాంబ ల్యాబ్‌లో తేల్చింది. ఆ తరవాణి ఎత్తుకుపోయి, కుండని నాశనం చేసి, మనకే సీసాల్లో పోసి అమ్మాలని ఓ విదేశీ ముఠా ప్లాను. థూ! పిల్లల నోటి దగ్గర గంజి లాక్కునే బతుకూ ఒక బతుకేనా?

పూసలమ్మేవాడి వేషంలో వరాహం వెళ్లేసరికి కుండంతా ఫినాయిల్ కంపు.

"ఆ నల్లకళ్లద్దాల అమ్మి పోసీసింది బాబూ!" సింహాచలమ్మ ఏడ్చింది. "ముందు ఫ్లాస్కులోకి ఒంపుకుంది. గుడ్డ కట్టమ్మీ, మూతెట్టకని సెప్పేను. క్రిములు పడతాయంట! బిరడా బిగించీసి టేసనుకి పోయింది."

నల్లకళ్లద్దాలంటే రాజ్యమే! కమలాంబ అసిస్టెంటు. మన డిపార్ట్‌మెంటు జీతం తింటూ ముఠాకి పనిచేసే డబుల్ ఏజెంట్. ఇక ఆ ఫ్లాస్కే దిక్కు. ఇద్దరూ స్టేషన్‌కి పరుగెత్తారు.

విజయనగరం ప్యాసింజర్ కదలబోతోంది. టీకాలు తీసుకెళ్తున్న నర్సుల మధ్య తెల్లకోటులో రాజ్యం లిప్‌స్టిక్ దిద్దుకుంటోంది. సీటు మీద పదమూడు ఫ్లాస్కులు, అన్నీ ఒకే రకం.

"పూసలు మీకు నప్పలేదు, మిస్టర్ వరాహం," అంది కిటికీలోంచి, గొంతు తగ్గించి. "పన్నెండింట్లో పిల్లల టీకాలు. తెరిస్తే పాడు. రైలు ఆపితే ఐసు కరిగి పాడు. పార్వతీపురంలో నా మనుషులు తుపాకులతో కాచుకున్నారు. ఏం చేస్తారు?"

వరాహం డిపార్ట్‌మెంటు ఇచ్చిన జర్మన్ వాచీలో సాయం పిలిచే బటన్ నొక్కాడు. ఎర్రలైటు ఒకసారి వెలిగి ఆరిపోయింది.

"ఊరుకో బాబూ," సింహాచలమ్మ కిటికీ దగ్గర నిలబడి అంది. "పొద్దున్నే దోసెడు బెల్లం ఏసేను. మూతెడితే అది ఊరుకోదు."

గార్డు ఈల వేశాడు. రైలు కుదిపింది.

ఢాం!

వరసలో ఏడో ఫ్లాస్కు బిరడా ఎగిరొచ్చి నల్లకళ్లద్దాలు పగలగొట్టింది. పుల్లటి నురుగు తెల్లకోటంతా చిమ్మింది. వరాహం పెట్టెలోకి గెంతి, రాజ్యానికి బేడీలు వేసి, ఫ్లాస్కుతో సహా కిందికి లాగేశాడు. టీకాలు నర్సులతో సాగిపోయాయి.

ఫ్లాస్కు అడుగున గ్లాసుడు తరవాణి మిగిలింది. సింహాచలమ్మ దాని మూతికి కొంగు కప్పి గుండెకి హత్తుకుంది.

"తోడుకి ఇది సాలు బాబూ. పిల్లల అదృష్టం!" రాజ్యం వైపు తిరిగింది. "నీకన్నా ఈ క్రిములు నయం అమ్మీ."

తర్వాత ఆమె చూపు వరాహం మణికట్టు మీద పడింది.

"ఏటి బాబూ, ఆ వాచీ టైమైనా సెప్తాదా?"