బోర్డు లేని రింగు

"సార్, మీరు పిల్ల ఆట చూసిండ్రా, గోడకు నిలబెట్టి ఎత్తు చూసిండ్రా?"

ప్రశ్న నా వెనక నుంచి వచ్చింది. ఖమ్మం స్టేడియంలో, నలుగురు కోచ్‌లు, అసోసియేషన్ సెక్రటరీ, అరవై మంది ఆడపిల్లలు వింటుండగా. నాకు ఒళ్ళు మండింది.

కొత్తగా మొదలుపెట్టిన బాలికల బాస్కెట్‌బాల్ లీగ్‌కి ఆ రోజు డ్రాఫ్ట్. అంటే నాలుగు టీంల కోచ్‌లం వంతులవారీగా ఒక్కో అమ్మాయి పేరు చెప్పి మా టీంలోకి తీసుకోవాలి. చీటీ తీస్తే మొదటి వంతు నాకే వచ్చింది. నా పేరు వాసు, ఖానాపురం హవేలి టీం కోచ్‌ని. మా కాలనీ అమ్మాయిలు ఏడుగురు అప్పటికే నా దగ్గరున్నారు. ఏడుగురూ చురుకే, ఏడుగురూ పొట్టే. రింగు కింద నిలబడి బంతి అందుకునే సెంటర్ ఒక్కతీ లేదు. అందుకే గోడ మీద పెన్సిల్ గీతల్లో అన్నిటికన్నా పైనున్నది ఎవరిదో చూసి, "హేమ్లా భవాని, ఐదు అడుగుల పదకొండు అంగుళాలు" అన్నాను. అంతే, వెనక నుంచి ఈ ప్రశ్న.

తిరిగి చూశాను. నీలం ట్రాక్‌సూట్, మెడలో విజిల్, ముక్కు మీద కోపం. ఆవిడ మొహం చూడడానికి నేను తల కొంచెం ఎత్తాల్సి వచ్చింది. దాంతో ఇంకా మండింది.

"మీరెవరు మేడం?"

"సునంద. బూర్గంపాడు అవతల ఆశ్రమ పాఠశాలల పీఈటీని. భవాని మా బడి పిల్ల. ఆమె సెంటర్ కాదు సార్. బయటి నుంచి వేస్తది. గార్డుగ ఆడించుండ్రి."

"గార్డులు నా దగ్గర ఏడుగురున్నరు. నాకు ఎత్తు కావాలె."

"ఎత్తు కావాల్నంటే నిచ్చెన కొనుక్కోండ్రి!"

అరవై మంది ఆడపిల్లలు ఒక్కసారి నవ్వితే ఎలా ఉంటుందో ఆ రోజే తెలిసింది. సెక్రటరీ వెంకటేశ్వరరావు గారు కూడా కర్చీఫ్ అడ్డం పెట్టుకున్నారు. పేరు వెనక్కి తీసుకుందామా అనుకున్నాను. కానీ అప్పుడు ఆవిడే గెలిచినట్టవుతుంది కదా! తీసుకోలేదు.

నిజం చెప్పాలంటే భవాని ఆట నేను చూడలేదు. పొద్దున వాన పడి సగం కోర్టులో నీళ్ళు నిలిస్తే, ట్రయల్స్‌లో పరిగెత్తుకెళ్ళి రింగు పక్కనుంచి బోర్డుకు తగిలించి వేసే లేఅప్‌లు మాత్రమే వేయించారు. ఆ పిల్ల ఆరింట్లో ఐదు పోగొట్టింది. మిగతా కోచ్‌లు పెదవి విరిచారు. నేను మాత్రం ఆట నేర్పొచ్చు, ఎత్తు నేర్పలేం కదా అనుకున్నాను. ఎత్తు సంగతి నాకు తెలిసినంత ఎవరికి తెలుసు? యూనివర్సిటీ సెలక్షన్స్‌లో నన్ను ఐదడుగుల ఐదని ఒక్క మాటతో బయటికి పంపారు. బంతి చేతికి కూడా ఇవ్వలేదు. ఆరేళ్ళయినా ఆ మంట ఆరలేదు.

* * *

లీగ్‌లో ఒక్కో టీంకి మూడే మ్యాచ్‌లు, శనివారానికొకటి. మొదటిది వైరా వాళ్ళతో. భవానిని రింగు కింద నిలబెట్టాను.

చూడలేకపోయాను! బంతి అందితే చాలు, చిన్నపిల్లలు వేసే షాట్ కూడా బోర్డుకు ధడేలున కొట్టేది. బోర్డుకు తగిలి వచ్చే బంతి ఎటు పోతుందో తెలియక ఒక దిక్కు దూకేది, బంతి ఇంకో దిక్కు పోయేది. ఆరు పాయింట్లతో ఓడాం.

విజిల్ మోగీ మోగకముందే వెనక కుర్చీలోంచి వినిపించింది.

"చెప్పిన కద సార్, బయట ఆడించుండ్రి అని!"

"బూర్గంపాడు నుంచి నాకు చెప్పడానికే వచ్చిండ్రా మేడం?"

"అవ్! రెండు బస్సులు మారి వచ్చిన. వినేటోళ్ళు ఉంటరనుకున్న."

రెండో శనివారం సత్తుపల్లి వాళ్ళతో ఆడాం. మళ్ళీ అదే లైనప్, అదే ఓటమి. మళ్ళీ అదే కుర్చీ, అదే గొంతు. సిగ్గు విడిచి ఒక్క సంగతి చెప్తాను. రెండో మ్యాచ్ మొదలయ్యే ముందు నేను మూడుసార్లు వెనక్కి తిరిగి ఆ కుర్చీ చూశాను. నాలుగోసారికి ఆవిడ వచ్చి కూర్చుంది. నా కళ్ళు తన మీద పడగానే, "ఏంది?" అన్నట్టు కనుబొమ్మలెగరేసింది. వెంటనే నా షూ లేసు ఊడిపోయినట్టు వంగాను.

మ్యాచ్ అయ్యాక వాన దంచి కొట్టింది. బస్టాండ్ దాకా ఇద్దరికీ ఒకటే గొడుగు, అది ఆవిడదే.

"ఇటియ్యుండ్రి, నేను పడ్త" అన్నాను మర్యాదగా.

"మీరు పడితే నా నెత్తికి తగుల్తది సార్."

"మీరు పడితే నాకు వాన తగుల్తున్నది!"

ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది. గొడుగు నా వైపు వంచింది. తన భుజం తడుస్తున్నా అలాగే పట్టుకుంది. ఓడిపోయిన కోచ్‌కి అంత సంతోషం ఉండకూడదని నన్ను నేనే తిట్టుకున్నాను.

ఆ సంతోషం మర్నాటికి లేదు. రెండు మ్యాచ్‌ల తర్వాత ఒక అమ్మాయిని తీసేసి, వెయిటింగ్ లిస్టులోంచి ఇంకొకరిని తెచ్చుకోవచ్చని రూల్. సోమవారం సాయంత్రంలోగా కాగితం ఇవ్వాలి. సెక్రటరీ గారు ఆదివారం పొద్దున్నే ఫోన్ చేసి, "వాసూ, ఆ పొడుగు పిల్లను తీసెయ్. ఇంకో పొడుగు పిల్ల ఉన్నది" అన్నారు. మనసొప్పకపోయినా సరేనన్నాను. సునందకి ఫోన్‌లో చెప్పాను.

అవతల పేలింది.

"సార్, ఆఖరి మ్యాచ్ ఆడినోళ్ళల్ల నుంచే ఇద్దరిని స్పోర్ట్స్ హాస్టల్‌కు తీస్కుంటరు. ఆ సీటు వస్తే భవాని ఇంటర్ చదువుతది. రాకుంటే రేపటి నుంచి పత్తి చేన్ల కలుపుకు పోతది. మీరు ఎత్తు చూసి తీస్కున్నరు, ఇప్పుడు పనికిరాదని పారేస్తున్నరు. మంచిది! గానీ ఫోన్ల కాదు. ఊరికొచ్చి ఆ పిల్ల మొహం చూసి చెప్పుండ్రి!"

టక్కున పెట్టేసింది. నేను భయపడతాననుకుందా? కోపంతో చొక్కా కూడా మార్చుకోకుండా బస్సెక్కాను.

* * *

బూర్గంపాడులో దిగి షేర్ ఆటో పట్టాను. టేకు చెట్ల మధ్య బురద దారిలో గంటసేపు ఎగిరెగిరి పడి బడి చేరేసరికి నా కోపం సగం ఆటోలోనే రాలిపోయింది. మిగతా సగం ఆ గ్రౌండ్ చూశాక పోయింది.

మట్టి నేల. ఒక ఇనుప స్తంభం. స్తంభానికి ఒక రింగు. అంతే.

బోర్డు లేదు.

భవాని అటు తిరిగి నిలబడి ఉంది. చాలా దూరం నుంచి వేసింది. బంతి రింగు అంచుకైనా తగలకుండా నేరుగా లోపలికి జారింది. ఇంకోటి, ఇంకోటి. పదింట్లో తొమ్మిది. పదోది అంచుకు తగిలి వెనక్కి ఎగిరిపోతే, "అయ్యో!" అని చిన్నపిల్లలంతా కేకలేసి పరిగెత్తారు.

"వెనక వాగున్నది" అంది సునంద నా పక్కకొచ్చి. "తప్పితే బాల్ వాగుల పడ్తది. వేసినోళ్ళే పోయి తెచ్చుకోవాలె. అందుకే ఈడ ఎవ్వరూ తప్పరు."

"బోర్డు ఏమైంది?"

"మూడేండ్ల కింద గాలివానకు విరిగింది. రాసిన, అడిగిన, తిరిగిన. రాలే. ఈ పిల్లలు బోర్డు చూడకుండనే ఆట నేర్చుకున్నరు."

నాకు తల తీసేసినట్టయింది. పుట్టి బుద్ధెరిగి బోర్డుకు కొట్టి వేయడం తెలియని పిల్లను తీసుకెళ్ళి బోర్డు కింద నిలబెట్టాను! రెండు మ్యాచ్‌లు! పైగా పనికిరాదన్నాను!

"ఈ ముక్క ముందే చెప్పొచ్చు కద మేడం!" నా గొంతు నాకే పెద్దగా వినిపించింది.

"బయటి నుంచి వేస్తదని ఎన్నిసార్లు చెప్పిన?"

"బోర్డు లేదని చెప్పలే!"

"చెప్తే ఏమయితది సార్?" ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, కోపం మాత్రం తగ్గలేదు. "బోర్డు కూడ లేని బడి పిల్ల అని ట్రయల్స్‌కే రానియ్యకపోదురు. మిమ్మల్ని ఎత్తు తక్కువని తీసేసిండ్రట, మీ టీం పిల్లలే చెప్పిండ్రు. మీకైన తెలుస్తదనుకున్న. ఆళ్ళు ఎత్తు చూసి మిమ్మల్ని తీసేసిండ్రు, మీరు ఎత్తు చూసి ఈమెను తీస్కున్నరు. ఇద్దరూ ఆట చూడలే. ఏం తేడా సార్?"

ఆరేళ్ళుగా ఎవరి మీద పళ్ళు నూరుతున్నానో, వాళ్ళ కుర్చీలోనే నేను కూర్చున్నాను.

భవాని నాయనమ్మ జంపక్క గట్టు మీద కూర్చుని ఇదంతా చూస్తోంది. నన్ను పైనుంచి కిందికి చూసి అడిగింది.

"ఏమయ్యా, పొడుగున్నదని పిల్లను తీస్కపోయినవంట. ఇంటికి దూలం కావాల్నా నీకు?"

భవాని ఫక్కున నవ్వింది. మూడు వారాల్లో ఆ పిల్ల నవ్వడం అదే మొదటిసారి.

"తప్పయింది పెద్దమ్మా" అన్నాను. తర్వాత భవాని వైపు తిరిగాను. "శనివారం మ్యాచ్‌ల గార్డుగ ఆడుతవా?"

"బోర్డు కిందికి పోవద్దా సార్?"

"పోవద్దు. అటు దిక్కే చూడకు."

* * *

సోమవారం సెక్రటరీ గారి టేబుల్ మీద కాగితం పెట్టకుండా ఖాళీ చేతులతో నిలబడ్డాను.

"మార్చవా? పిచ్చా నీకు? పొడుగు పిల్లను బయట ఆడిస్తవా? మరి రింగు కింద ఎవరు?"

"మా కాలనీ దుర్గ సార్."

"ఆ ఐదడుగుల మూడంగుళాల దుర్గనా! ఓడిపోతే వచ్చే ఏడు నువ్వు కోచ్‌గ ఉండవు."

"ఉండను సార్. గానీ ట్రయల్స్‌ల ఉత్త లేఅప్‌లు వేయించి అరవై మందిని తేల్చిన పద్ధతి కూడ వచ్చే ఏడు ఉండొద్దు!"

గట్టిగానే అన్నాను.

శనివారం కొత్తగూడెంతో ఆట. మా నాన్న బొగ్గు గనిలో పనిచేసే ఊరు, నేను పుట్టి పెరిగిన ఊరు. వాళ్ళ మీద నా పొట్టి లైనప్ చూసి జనం కేకలు. "కోచ్ సార్, లైనప్ తలకిందులైంది!" అని ఒకడు. వెనక కుర్చీలో మాత్రం ఆ రోజు చప్పుడు లేదు. అది ఇంకా భయంగా ఉంది.

భవాని మొదటి షాట్ బోర్డుకు తగిలి తిరిగొచ్చింది. టైమవుట్ తీసుకున్నాను.

"భవానీ, ఆ రింగు వెనక ఏమున్నది?"

"బోర్డు సార్."

"కాదు. మీ వాగు. తప్పితే పోయి నువ్వే తెచ్చుకోవాలె."

ఆ పిల్ల తల ఊపింది. తర్వాతి షాట్ అంచు కూడా తాకలేదు. ఆ తర్వాతిదీ అంతే. సగం ఆటయ్యేసరికి ఐదు త్రీలు, అంటే దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు. కేకలేసినవాళ్ళు లేచి నిలబడ్డారు. కొత్తగూడెం వాళ్ళు ఇద్దరు, చివరికి ముగ్గురు వచ్చి ఆమెను చుట్టుముట్టారు.

ఆఖరి ఎనిమిది సెకన్లు. ఒక్క పాయింటు వెనకున్నాం. బంతి భవాని చేతిలో, చుట్టూ ముగ్గురు. అందరూ వేస్తుందనుకున్నారు. వేయలేదు. ముగ్గురి తలల మీదుగా రింగు కిందికి విసిరింది. అక్కడ మా దుర్గ ఒక్కతే ఉంది, అడ్డం ఎవరూ లేరు. బోర్డు మీద పుట్టి పెరిగిన పిల్ల కదా, తగిలించి లోపలేసింది.

గెలిచాం! ఒక్క పాయింటు! నేను ఎగిరి ఎవరిని కావలించుకోబోయానో చూసుకుని మధ్యలోనే ఆగిపోయాను. సునంద ఎర్రబడ్డ మొహంతో, "ఇంత ఆలస్యంగనా సార్ బుద్ధి?" అంది. ఈసారి ఆ మాటలో తిట్టు లేదు.

హాస్టల్ లిస్టులో మొదటి పేరు హేమ్లా భవాని. రెండోది మా దుర్గ.

* * *

నెల తిరక్కుండా ట్రాలీ ఆటోలో రింగు బిగించిన ఒక బోర్డు వేసుకుని ఆ బడికి వెళ్ళాను. కొత్తగూడెం వడ్రంగి చేత చేయించి, నేనే తెల్లరంగు వేశాను. చూసి సునంద మెచ్చుకుంటుందనుకున్నానా, ఇంతెత్తు లేచింది.

"ఇదెందుకు తెచ్చిండ్రు? బోర్డు పెడితే పిల్లల గురి చెడిపోతది!"

"లేదని మూడేండ్లు మీరే తిరిగిండ్రు కద!"

"తిరిగిన. గానీ ఆ రింగు అట్లనే ఉండాలె. దీనికి ఇంకో స్తంభం పాతుండ్రి."

పాతాను. చేతులు బొబ్బలెక్కాయి. ఆవిడ పక్కనే నిలబడి వంకరగా ఉందని మూడుసార్లు పీకించింది. నాలుగోసారి నేను గడ్డపార పడేశాను.

"ఇగ నాతోని కాదు! తిట్టడానికే అయితే రోజూ తిట్టుండ్రి. ఖమ్మం నుంచి ఇంత దూరం రావాల్నంటే కష్టమయితున్నది. నన్ను పెండ్లి చేస్కుంటే ఇంట్లనే తిట్టొచ్చు కద!"

అనేశాను. ఆవిడ విజిల్ తాడు వేలికి చుట్టుకుంది, విప్పింది.

"గింత కోపంగ అడుగుతరా ఎవరన్న?"

"మీ దగ్గరనే నేర్చుకున్న."

"అయితే రాండ్రి, మా అమ్మను అడుగుండ్రి. నాకైతే ఎన్నడో ఇష్టమే. గొడుగు మీ దిక్కు వంచినప్పుడు తెల్వలేదా?"

సాయంత్రం బూర్గంపాడులో వాళ్ళింటి ముందు నిలబడ్డాం. సునంద వాళ్ళమ్మ నాంచారమ్మ గారు టీ గ్లాసు నా చేతికిచ్చి, నన్నోసారి, పక్కన నిలబడ్డ కూతుర్నోసారి చూశారు. మళ్ళీ నన్ను చూశారు. ఆ చూపు ఎక్కడెక్కడ ఆగుతోందో నాకు తెలుసు. యూనివర్సిటీ సెలక్షన్స్‌లో అచ్చం ఇలాగే చూశారు.

"పిల్లగాడు మంచిగనే ఉన్నడు గానీ..." నాంచారమ్మ గారు కూతురి వైపు వంగి, నాకు వినపడేలాగే గుసగుసలాడారు. "నీకన్న ఎత్తు తక్కువున్నడు కదనే!"

సునందకి మళ్ళీ ముక్కు మీదికి కోపం వచ్చింది. కానీ ఈసారి నా వైపు నిలబడి వచ్చింది.

"ఎత్తేం చూస్తవమ్మా? ఆట చూడు!"

నాంచారమ్మ గారు నా బొబ్బలెక్కిన అరచేతులు చూశారు. బురద పట్టిన నా బూట్లు చూశారు. నా గ్లాసులో ఇంకొంచెం టీ పోస్తూ, "కూసో బిడ్డా, నిలబడ్డవేంది?" అన్నారు.