కంచె దించిన సాయంత్రం

జగన్నాథపురం వంతెన దగ్గర బస్సు ఎక్కిన మగవాళ్ళందరూ అలవాటుగా తలలు దించుకుని తమ చెప్పులు చూసుకోసాగారు. ఒక్క పెద్దమనిషి మాత్రం ఏమరుపాటున తలెత్తి, పసుపు చీర కట్టుకున్నావిడ వైపు ఉండాల్సినదానికన్నా కాస్త ఎక్కువసేపు చూశాడు. అంతే, ఆయన కళ్ళకు ఆవిడ ఉన్నచోట బూడిదరంగు పొగమంచు తప్ప ఏమీ మిగల్లేదు. ఆ మంచు పక్కనున్న ఇనప కమ్మీ కూడా కనపడక దానికి నుదురు కొట్టుకున్నాడు. పసుపు చీరావిడ కిటికీలోంచి ఉప్పుటేరును చూసుకుంటూ హాయిగా కూర్చుంది.

ఆయన నుదురు రుద్దుకోవడం చూసి వెనక సీట్లో హైమవతి తనలో తాను నవ్వుకుంది. ఈ మసకను కనిపెట్టిన బృందంలో ఆమె ఒకతె మరి.

ఇరవై రెండేళ్ళ కిందట చూపుకంచె చట్టం వచ్చింది. అప్పటినుంచి ప్రతి మనిషి కంటికీ సన్నని కంటిపొర అతికించారు. చూపు ఎంతసేపు నిలిచింది, కంటిపాప ఎంత విచ్చుకుంది, గుండె ఎంత వేగంగా కొట్టుకుంది అన్నవన్నీ ఆ పొర కొలుస్తుంది. హద్దు దాటితే ఎదుటి ఆడమనిషిని చూసేవాడి కంటినుంచి కప్పేస్తుంది. పదహారేళ్ళ వయసులో, బస్టాండు గోడమీద కూర్చునే కుర్రాళ్ళ చూపులకు భయపడి హైమవతి ఒక ఏడాది చదువు పోగొట్టుకుంది. ఇప్పుడు ఏ పిల్లకీ ఆ ఖర్మ లేదు. అది తలుచుకుంటే ఆమెకు ఇప్పటికీ కడుపు నిండినట్టుంటుంది.

చూపుకంచె ఆఫీసులో ఆమె కోసం పద్మాక్షి కాచుకుని కూర్చుంది. యాభై అయిదేళ్ళ మనిషి, కాటుక మాత్రం పెళ్ళికూతురిలా దిద్దుకుంది. తల్లినుంచి వచ్చిన ఏడు చీరల ఆట ఇప్పుడామెకు ఒక్కదానికే తెలుసు. ఒకదానిమీద ఒకటి ఏడు చీరలు చుట్టుకుని వేదిక ఎక్కుతుంది. ఒక్కొక్కటీ విప్పుతూ మునసబునీ, ప్లీడరునీ, స్వాములవారినీ వరసపెట్టి ఉతికి ఆరేస్తుంది. చివరికి లంగా జాకెట్టుతో నడుంమీద చేతులేసుకుని నిలబడుతుంది. ఒక్క సాయంత్రం కంచె దించమని, అంటే హాల్లో వాళ్ళ కంటిపొరల్ని ఆపమని, ఆమె అర్జీ.

"మూడో చీర దాకా బానే ఉంటాదండి," అంది పద్మాక్షి. "ఆపైన ముందు వరసలో ఒక్కొక్కడి మొహం బోసిపోద్ది. ఆళ్ళకి నేను కనపడట్లేదని తెలిసిపోద్దండి నాకు. ఇంక ఎవరికి ఆడాలి?"

"మంచిదేగా పద్మాక్షిగారూ. అలాంటి చూపు మీమీద పడకూడదనే కదా ఇదంతా."

"పడాలండి! అది పడితేనే ఆట. ఆడు నోరెళ్ళబెట్టుకుని ముందుకి వంగుతాడు. నేను గిరుక్కున తిరిగి, ఆడు ఎలా చూత్తన్నాడో అచ్చం అలాగే చేసి చూపిత్తాను. సభంతా ఆణ్ణి చూసి నవ్వుద్ది. సిగ్గొచ్చి ఆడూ నవ్వేత్తాడు. ఇప్పుడు దొరకడే! మీ కంచె నన్ను కప్పట్లేదమ్మా, ఆణ్ణి కప్పుతోంది."

హైమవతికి చివుక్కుమంది. "చీర విప్పి చూపించడం బలమంటే నేనొప్పుకోను. పొట్టకూటికోసం ఎంతమంది చేత విప్పించలేదు ఈ లోకం?"

"పొట్టకోసమైతే పూతరేకులు చుట్టుకుని బతుకుతానండి, అదీ వచ్చు నాకు. విప్పించడం వేరు, విప్పడం వేరు. ఎప్పుడు ఏ కొంగు జారాలో నా చెయ్యి చెప్పుద్ది. ఆ గంటసేపూ ఆ హాల్లో నాకన్నా పెద్ద ఆఫీసరు లేదు." ఆమె గొంతు తగ్గింది. "నాతోనే పోద్దండి ఈ ఆట. పోయేలోపు ఒక్కసారి, చూసే కళ్ళముందు ఆడాలని."

హైమవతి సగం మనసుతోనే సంతకం పెట్టింది. ఎందుకైనా మంచిదని ఆట రోజున తానూ వెళ్ళి వేదిక పక్క కుర్చీలో కూర్చుంది.

పాత టౌనుహాలు నిండింది. కంచె దించారు. మొదటి చీరకు పద్మాక్షి మునసబై మీసం మెలేసింది. ఆడవాళ్ళ వైపు నవ్వులు పూశాయి. రెండో చీరకు అవీ తగ్గాయి. మూడో చీర కొంగు చేతిలో పట్టుకుని పద్మాక్షి ఆగిపోయింది. హైమవతి సభ వైపు తిరిగింది.

మగవాళ్ళందరూ తలలు దించుకుని ఉన్నారు. వరసవెంట వరస, నున్నగా దువ్విన పాపిళ్ళే కనిపిస్తున్నాయి. ఈ పూట మసక రాదని టికెట్ల దగ్గరే చెప్పారు. అయినా ఒక్కరూ తలెత్తడంలేదు. వీళ్ళకు మర్యాద వచ్చిందనుకుంది ఇన్నాళ్ళూ. వచ్చింది మెడ వంచే అలవాటు మాత్రమేనని హైమవతికి ఇప్పుడు తెలిసింది. వేదికమీద పద్మాక్షి కాటుక చెమ్మగిల్లుతోంది.

అంతలో పద్మాక్షి తనూ తల దించింది. చెప్పులు చూసుకుంటూ నాలుగడుగులు వేసి, మైకు కర్రకు ఢీకొని, ఉలిక్కిపడి దానికే చేతులు జోడించింది. "తప్పయిపోయింది అక్కగారూ! మిమ్మల్ని చూళ్ళేదండి, ఒట్టు!"

వెనక ఎవరో ఆడమనిషి ఫక్కున నవ్వింది. హైమవతికి ఆనాటి బస్సులో పెద్దమనిషి గుర్తొచ్చి, ఆపుకోలేక తనూ నవ్వింది. నవ్వెందుకో తెలుసుకోవాలని మూడో వరసలో ఒకాయన తలెత్తాడు. ఎత్తినవాడు దించలేకపోయాడు, ముందుకు వంగాడు. పద్మాక్షి గిరుక్కున తిరిగి, అచ్చం ఆయనలాగే నోరు తెరిచి మెడ సాచింది. హాలు గొల్లుమంది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి, కానీ నవ్వాడు. ఒక్కొక్క పాపిడీ లేచి మొహమైంది. ఏడో చీర జారి, లంగా జాకెట్టుతో ఆమె నడుంమీద చేతులేసుకుని నిలబడేసరికి, "వన్స్ మోర్!" అని ముందు అరిచినవాళ్ళు ఆడవాళ్ళే.

ఆట ముగిశాక ఆ మూడో వరసాయన హైమవతిని వెతుక్కుంటూ తెర వెనక్కి వచ్చాడు. బళ్ళో డ్రాయింగు మాస్టారట, ముప్పై దాటవు.

"మేడంగారూ, ఒక సందేహమండి. నేనలా చూశాను. మసక రాలేదు. వచ్చుంటే తప్పని తెలిసేది. మరి నేను చూసింది తప్పో ఒప్పో నాకెలా తెలుస్తుంది?"

వెక్కిరింత కాదు. మనిషి నిజంగానే భయపడుతున్నాడు. ఇరవై రెండేళ్ళ నివేదికల్లో ఎక్కడా రాని ప్రశ్న అది. 

పైన కప్పుకున్న దుప్పటి భుజాలమీద సర్దుకుంటూ, చీరలు మడతపెడుతున్న పద్మాక్షి ఇటు తిరిగింది. "ఆవిణ్ణడుగుతావేంటి నాయనా? నువ్వు చూసింది నన్ను కదా. నన్నడుగు."

మాస్టారి మెడ అలవాటుగా వంగబోయింది. ఆపుకుని, ఆమె మొహంలోకి చూశాడు.

"చూడొచ్చాండీ?" అని అడిగాడు.