ధాతుసూచిలో విషం

బయటి తలుపు మూడోసారి కూడా తెరుచుకోలేదు. ప్రాణనావలో గాలి ఇంకా తొమ్మిది నిమిషాలకే సరిపోతుందని తెర చూపిస్తోంది.

భీమిలి కక్ష్యారేవులో, వచ్చే నౌకలతో మాట్లాడే మాటల బల్ల ఇంద్రాణిది. పొద్దుటి నుంచి పదమూడు నౌకల్ని లోపలికి పంపింది. పద్నాలుగోది ఈ నావ. అందులో ఇద్దరే ఉన్నారు: స్పృహ లేని మగమనిషి, అతని తలను ఒళ్ళో పెట్టుకున్న స్త్రీ. మాట ఇటు పంపే రేడియో పాడవడంతో ఆమె పలక మీద రాస్తోంది. అతను నీకేమవుతాడని రేవు అడిగితే మూడు మాటల్లో జవాబిచ్చింది. రేవు అనువాద యంత్రం ధాతుసూచి దాన్ని తెలుగు చేసింది: మేము విషం.

ఆ మాట వస్తే తలుపులన్నీ బిగుసుకుంటాయి.

రేవు అధికారి అప్పలరాజు పరుగున వచ్చాడు. ఆమే అతనికేదో పెట్టి ఉంటుందని, రేవులో నాలుగు వందల మంది ఉన్నారని, సూచిని కాదని తలుపు తీయలేనని చెప్పాడు.

ఇంద్రాణి తెరలోకి చూసింది. ఆ స్త్రీ తన గాలిముసుగు తీసి అతని ముఖానికి పెట్టింది. కాసేపాగి తను పీల్చుకుంది. మళ్ళీ అతనికే పెట్టింది. అతని కనుబొమల మీది మంచును బొటనవేలితో తుడుస్తోంది.

"విషం పెట్టినావిడ తన గాలి ఇస్తుందా అండీ?"

"నాకూ జాలేనమ్మా. కానీ ఆవిడే రాసింది కదేటి?"

ఇంద్రాణి అసలు వాక్యం తెప్పించింది. వి ఎర్ యిఫ్తా. స్వీడిష్.

"మీ పెద్దమ్మాయిని ఎక్కడిచ్చారు?"

"పలాసకిచ్చాం. ఇప్పుడదెందుకు?"

"ఇచ్చాం అన్నారు. పెళ్ళి చేశాం అనలేదు."

ఇంద్రాణి గబగబా చెప్పింది. ఇవ్వడమనే ఒక్క ధాతువు నుంచే పుట్టింది ఆ యిఫ్తా అన్న మాట. ఇంగ్లీషువాళ్ళకు అది గిఫ్ట్, అంటే కానుక. జర్మన్లకు, ఒకరికి తాగించినది, అంటే విషం. స్వీడిష్‌లోనూ విషమే, కానీ 'మేము' పక్కన ఇలా నిలబడితే మాత్రం పెళ్ళైనవాళ్ళం అని అర్థం.

"మొగుడూ పెళ్ళాలా?" అతని గొంతు మెత్తబడింది. "మరి సరిచెయ్యమ్మా."

సూచి ఒప్పుకోలేదు. ఒక్క పద్దు దిద్దాలన్నా నలభై నిమిషాల సమీక్ష కావాలి. గాలి నాలుగు నిమిషాలకే ఉంది. మిగిలిన దారి సూచినే మొత్తంగా రద్దు చేయడం. అప్పుడు ప్రతి తలుపూ మనిషి చేతికొస్తుంది, ఇన్నాళ్ళ తీర్పులన్నీ మళ్ళీ చూడాల్సి వస్తుంది. అయితే రద్దుకు ముందు తప్పు చేసిందెవరో రేవంతా వినేలా చెప్పాలని నియమం.

అప్పలరాజు తలుపు తీసే చేతిచక్రం పట్టుకున్నాడు. తప్పు యంత్రం మీదకి నెట్టేయమన్నాడు, లేకపోతే ఆమెను ఈ బల్ల దగ్గర మళ్ళీ కూర్చోనివ్వరని గొణిగాడు. యంత్రం పేరు చెల్లదని ఇద్దరికీ తెలుసు.

తెరలో ఆ స్త్రీ ఈసారి ముసుగు వెనక్కి తీసుకోలేదు. అతని నుదుటికి నుదురు ఆనించి కళ్ళు మూసుకుంది.

ఇంద్రాణి మైకు దగ్గరకు వంగింది.

"ఆరేళ్ళ కిందట, ధాతుసూచిలో ఒకే ధాతువున్న మాటలన్నిటినీ ఒక్క పద్దులో కలిపి, వాటిలో అన్నిటికన్నా ప్రమాదకరమైన అర్థాన్నే ఉంచారు. భద్రత కోసమని చేశారు. మెప్పూ పొందారు. చేసింది ఇంద్రాణి. నేనే."