కిటికీ పక్క మంచం

జనవరిలో, కార్క్ నగరం పక్కనున్న బాలింకాలిగ్‌లో టీ తాగి కప్పు కడిగేలోపే చీకటి పడిపోతుంది. ఆ సాయంత్రం త్రినాథ్ వంటగదిలో పప్పుకి పోపు పెడుతున్నాడు. లాక్‌డౌన్ కావడంతో వీధిలో కారు చప్పుడు కూడా లేదు. సన్నటి వాన అద్దాలని రాస్తూ ఉంది. ఇల్లంతా ఇంగువ వాసన, దాని కింద ఎంత తుడిచినా వదలని బ్లీచ్ వాసన.

ఆ బ్లీచ్ వాసన జితేంద్ర వెళ్ళినప్పటి నుంచీ ఉంది. ఇద్దరిదీ ఒకే మందుల ఫ్యాక్టరీ, ఒకే అద్దె ఇల్లు. క్రిస్మస్ వెళ్ళాక జితేంద్రకి ఊపిరి అందలేదు. అంబులెన్స్ ఎక్కుతూ కూడా "నేనొచ్చేసరికి గిన్నెలన్నీ మాడ్చి పెట్టకురోయ్" అన్నాడు.

త్రినాథ్‌కీ పాజిటివ్ రావడంతో గది దాటలేదు. ఆసుపత్రికి ఫోన్ చేస్తే లైన్ కలవలేదు. నాలుగైదు రోజులకి కృపాదానం ఫోన్ చేశాడు. కార్క్‌లో ఇండియన్ షాపు ఆయనది. తెలుగువాళ్ళ కబుర్లన్నీ ఆ గల్లాపెట్టె మీదుగా పోవలసిందే.

"తమ్ముడూ, గుండె దిటవు చేసుకో. మనవాడు పోయాడు."

"ఎవరు చెప్పారన్నా?"

"మా ఆవిడ ఫ్రెండు అక్కడ నర్సు. ఆవిడకి పక్క వార్డు అమ్మాయి చెప్పిందట, కిటికీ పక్క మంచం మీది ఇండియన్ అబ్బాయి పోయాడని. అది మనవాడి మంచమేగా!"

నిజమే. జితేంద్ర పంపిన చివరి ఫోటోలో కిటికీ ఉంది. ఆ తరువాత అతని ఫోన్ పలకలేదు. లెక్క సరిపోయింది.

ఫ్యాక్టరీలో త్రినాథ్ వేరేవాళ్ళు చూసి చెప్పిన రీడింగ్‌కి సంతకం పెట్టడు. మీటరు దగ్గరికి స్వయంగా వెళ్ళి, అంకె కంటితో చూస్తేనే పెడతాడు. అలాంటివాడు ఆ రోజు కాకినాడలో ఉన్న జితేంద్ర భార్య రిషితకి ఫోన్ చేశాడు.

"మీరు చూశారా అన్నయ్యా?" అని అడిగింది ఆమె.

అనుమానం మిగిల్చి ఆ పిల్లని చంపడం ఎందుకనిపించింది. "చూశానమ్మా" అన్నాడు.

శవాన్ని పంపరని కూడా కృపాదానమే చెప్పాడు. కాకినాడలో దర్భలతో మనిషి బొమ్మ చేశారు. గోత్రం చెప్పి, జితేంద్ర పేరుతో పిలిచి, దానికి నిప్పు పెట్టారు. రిషిత చేతుల గాజులు తీసేశారు.

పోపు చిటపటలాడుతోంది. ఎవరో తలుపు తట్టారు.

త్రినాథ్ స్టవ్ కట్టేసి వచ్చాడు. తలుపు మధ్యలోని గరుకు అద్దం వెనక ఒక ఆకారం కదలకుండా నిలబడి ఉంది.

"ఎవరు?"

"నేను... జితేంద్రని."

గొంతు బొంగురుపోయి ఉంది. బతికున్నాడా! ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. గభాలున గొళ్ళెం మీద చెయ్యి వేశాడు.

"రేయ్, ఎలా వచ్చావురా? రిషితతో మాట్లాడావా?"

బయట వాన చప్పుడు.

"రిషిత... ఎవరు?"

త్రినాథ్ చెయ్యి ఆగిపోయింది. బయటి మనిషి ముఖం అద్దానికి ఆనుకుని ఉంది. ఇంత చలిలో... అద్దం మీద ఊపిరి ఆవిరి పట్టడం లేదు.

వెనక్కి వెనక్కి నడిచి వంటగదిలోకి వచ్చాడు. ఆసుపత్రికి ఫోన్ చేశాడు. ఈసారి వెంటనే కలిసింది. పేరు చెప్పగానే నర్సు నవ్వింది.

"జితేంద్రా? నిన్ననే ఐసీయూ నుంచి బయటికి వచ్చాడు. బ్రహ్మాండంగా ఉన్నాడు. ఇదిగో, మాట్లాడండి."

"రేయ్ త్రినాథ్..." నీరసంగా ఉన్నా అదే గొంతు. "మంచం మార్చినప్పుడు ఫోన్ ఎక్కడో పోయిందిరా. ఆసుపత్రి కాగితాల్లో కూడా ఆ నంబరే ఇచ్చి చచ్చాను. నేను బాగానే ఉన్నానని రిషితకి చెప్పావా?"

త్రినాథ్ ఫోన్ చెవికి నొక్కుకున్నాడు. "కిటికీ పక్క మంచం... ఎవరికిచ్చార్రా?"

"మనవాడే, ఇండియన్. నన్ను తీసుకెళ్తుంటే అతన్ని తెచ్చారు. నా వంకే చూస్తూ ఉన్నాడు. పోయాడట, పాపం. తనవాళ్ళంటూ ఎవరూ రాలేదట. ఏంటిరా, అలా మాట్లాడుతున్నావు?"

తలుపు మళ్ళీ చప్పుడైంది. మెల్లగా.

"పేరు పెట్టి పిలిచారు..." బయటి గొంతు గుసగుసలాడింది. "వచ్చాను... తీయండి."

త్రినాథ్ ఫోన్ పెట్టేశాడు. ఇప్పుడు చెయ్యవలసింది ఒక్కటే. రిషితకి ఫోన్ చేశాడు.

"అమ్మా... జితేంద్ర బతికే ఉన్నాడు. నేను చూడలేదు. అబద్ధం చెప్పాను."

ఆమె మళ్ళీ అదే అడిగింది.

"ఇప్పుడైనా చూశారా?"

"లేదు... ఫోన్లో మాట్లాడాను."

"మరి నిన్న పెట్టిన పిండం?" అంది ఆమె. "కింద పెట్టీ పెట్టగానే కాకి ఎత్తుకుపోయింది. ఆయనకి ఎంత ఆకలో అని అందరూ ఏడ్చారు. ఎవరు తిన్నారన్నయ్యా అది?"

త్రినాథ్ తలుపు వైపు చూశాడు. అద్దం వెనక ఎవరూ లేరు. చప్పుడు ఆగిపోయింది. హమ్మయ్య అనుకునేలోపు మళ్ళీ వినిపించింది. అదే చప్పుడు, అంతే మెల్లగా.

ఫోన్లోంచి.

"ఎవరో వచ్చారు... ఉండండి." రిషిత అడుగుల చప్పుడు. ఆ వెంటనే కేక. "అన్నయ్యా, ఆయనే! పేరు కూడా చెబుతున్నారు! మీరన్నది నిజమే, బతికే ఉన్నారు!"

"వద్దమ్మా! తీయకు! వాడు కాదు..."

"మీరే చెప్పారుగా!"

గొళ్ళెం జారింది. తలుపు కిర్రుమంది.

త్రినాథ్ అరుస్తూనే ఉన్నాడు. ఆమె వినడం లేదు. ఎక్కడో దూరం నుంచి, ఎంతో ప్రేమగా, ఆమె మాటలు వినిపించాయి.

"రండి, కూర్చోండి... అన్నం పెడతాను. ఇంత చల్లగా ఉన్నారేంటండీ? మీ వెనక ఇంతమంది వచ్చారే, వాళ్ళనీ రమ్మనండి."

ఆ తరువాత పళ్ళేలు పెడుతున్న చప్పుడు. ఒకటి... ఇంకొకటి... ఇంకా పెడుతూనే ఉంది.