సందులో నీలం బిందె

ఎమ్మెల్యే చంద్రమోహన్ కనిపించకుండా పోయి వారమైంది.

మామూలు మనిషి కనబడకపోతే ఇంట్లోవాళ్లు స్టేషన్‌కొచ్చి ఏడుస్తారు. ఈయన కనబడకపోతే ఇంట్లోవాళ్లు హాయిగా ఉన్నారు, పోలీసులే ఏడుస్తున్నారు.

జేబులో నాన్ బెయిలబుల్ వారెంట్ పెట్టుకుని సర్కిల్ ఇన్‌స్పెక్టర్ మల్లీశ్వరి బుక్కరాయసముద్రంలో ఆయన ఆఫీసు ముందు జీపు దిగేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. పైన మబ్బు, కింద ఉక్క. శ్రావణం సగమైనా చినుకు లేదు. పొద్దున్నుంచి ఆమె ఆయన చీనీ బత్తాయి తోట వెదికింది, బత్తలపల్లిలో ఆయన బామ్మర్ది ఇల్లు వెదికింది. ఆమె తన కళ్లతో చూడాల్సి మిగిలింది ఈ ఆఫీసు, దాని పక్కనే ఉన్న ఆయన ఇల్లు.

సాయంత్రం కోర్టు లేచేలోగా మనిషిని హాజరుపరచాలి. లేకపోతే మళ్లీ వాయిదా. వాయిదాలు మల్లీశ్వరికి కొత్త కాదు. ఆమె దిగులంతా మారెప్ప గురించి.

మారెప్ప గుట్టకిందపల్లె మంచినీళ్ల పథకానికి కాపలా ఉన్నవాడు. కంచే చేను మేసినట్టు, ఊరికి వేయాల్సిన పైపుల్ని ఎమ్మెల్యే దగ్గరుండి లారీకెత్తించి తన చీనీ తోటకు తోలించుకున్నాడు. ఆ రోజు చూసినవాళ్లంతా తర్వాత చూడలేదన్నారు. చూశానన్నవాడు మారెప్ప ఒక్కడే. ఉదయం కోర్టు వరండాలో ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"అమ్మా, ఈ పొద్దు ఆయప్పను నా ఎదురుగా నిలబెట్టు. ఏలు పెట్టి సూపిస్తా. రేపైతే నా వల్ల కాదు. నా కొడుకును సంపుతామని ఫోన్లు వస్తాండాయి. రాత్రి బస్సుకు అందరం బెంగళూరుకు పోతాండాం. మళ్లా రాం."

"ఈ పొద్దే నిలబెడతాను" అని మాటిచ్చేసింది. ఇచ్చినప్పటి నుంచి ఆమెకు అన్నం సయించలేదు.

ఆఫీసులో మూడు ఫ్యాన్లు గిర్రున తిరుగుతున్నా పీఏ శశికుమార్ చొక్కా వీపుకు అతుక్కుపోయింది.

"సార్ యాడ ఉండాడు?"

"బెంగళూరు ఆసుపత్రిలో మేడమ్. ఛాతీ నొప్పి. సర్టిఫికెట్ పంపినాం కదా."

"మా టీమ్ ఆసుపత్రికి పోయింది. మీ డ్రైవర్ ఓబిలేష్ దొరికినాడు. సార్ ఫోను వాని జేబులో దొరికింది. సార్ దొరకలేదు."

"టెస్టులకు పోయింటాడు."

"రెండు రోజుల నుంచీ టెస్టులేనా?"

"పెద్ద మనిషి కదా మేడమ్, టెస్టులు ఎక్కువుంటాయి."

మల్లీశ్వరికి అరికాలి మంట నెత్తికెక్కింది. దిగమింగుకుంది.

"ఇంత ఉక్కలో ఏసీ అయినా పెట్టించుకోలేదేమప్పా ఆఫీసుకు?"

శశికుమార్ నవ్వాడు. "ప్రజల ఆఫీసు మేడమ్. ఫ్యాన్లే చాలంటాడు సార్."

"పై అంతస్తులో ఏముంది?"

"పాత ఫ్లెక్సీలు, విరిగిన కుర్చీలు. ఎలక్షన్లప్పుడే తెరిచేది. బీగం చెవి సార్ దగ్గరుండాది."

ఎస్సై దేవేంద్ర ఆమె చెవి దగ్గరికొచ్చాడు. "తెల్లారే చూసినా మేడమ్. ఇల్లంతా రెండుసార్లు గాలించినా. పై తలుపుకు తుప్పు పట్టిన తాళం, దానికి సాలెగూడు. మనిషి దూరిన జాడ లేదు."

మల్లీశ్వరి మెట్లెక్కి చూసింది. నిజమే. తాళం తుప్పు, గూడు చెక్కుచెదరలేదు. దిగొచ్చి ఇంటికీ ఆఫీసుకూ మధ్యనున్న సందులోకి నడిచింది. ఏం వెతకాలో ఆమెకే తెలియదు. ఒకచోట కూర్చోలేక నడుస్తోంది, అంతే.

ఫోను మోగింది. కోర్టు నుంచి కానిస్టేబుల్.

"మేడమ్, మారెప్ప కోడలొచ్చింది. లేచి రమ్మని గలాటా చేస్తాంది. ఆయనా లేచి నిలబడినాడు."

"కూర్చోబెట్టు! టీ ఇప్పించు, కాళ్లు పట్టుకో, ఏమన్నా చెయ్యి. నేను వస్తాండానని చెప్పు."

ఆ విసురులో కాలికి ఏదో తగిలింది. నీలం ప్లాస్టిక్ బిందె. ఒరిగిపోయి నీళ్లన్నీ ఆమె పాదాల మీదుగా పారాయి.

"అయ్యో తల్లీ! పొద్దున్నుంచి నిండిన నీళ్లు!" వంటింట్లోంచి పనిమనిషి చిన్నక్క పరుగెత్తుకొచ్చింది.

"ఏమనుకోవద్దక్కా, చూసుకోలేదు. పెద్దింటికి ట్యాంకర్ వస్తాది కదా?"

"పెద్దింటికి వస్తాది. మా ఊరికి రాదు కదమ్మా. తాగేదానికి కాకపోయినా అంట్లకో, గొడ్లకో అయితాయి. సాయంత్రం ఆటోలో మోసుకుపోతా."

చిన్నక్క బిందెను మళ్లీ గోడ వారన, పడిన చోటే పెట్టి, నోట్లో తన ఊరి పేరెత్తి ఏదో గొణుక్కుంటూ లోపలికి పోయింది.

మల్లీశ్వరి రెండడుగులు వేసి ఆగింది. తన పాదాలు చూసుకుంది. తర్వాత తలెత్తి పైకి చూసింది.

"దేవేంద్రా! అందరినీ ఆఫీసులోకి పిలువు. ఒక్కరు తగ్గకూడదు. ఇనుప రాడ్ ఉంటే తెప్పించు."

ఐదు నిమిషాల్లో అందరూ ఫ్యాన్ల కింద నిలబడ్డారు. శశికుమార్, వంటమనిషి తిప్పయ్య, చిన్నక్క, గేటు దగ్గరి అనుచరులు నలుగురు.

"బెంగళూరు దాకా పోయినాం, మన ముక్కు కింద చూసుకోలేదు" అంది మల్లీశ్వరి. "ఇప్పుడే నా కాళ్ల మీద నీళ్లు పడినాయి. చల్లటి నీళ్లు. ఈ ఉక్కలో ట్యాంకర్ నీళ్లు చల్లగా ఉంటాయా తిప్పయ్యా?"

"ఉండవు మేడమ్. వెచ్చగుంటాయి" అన్నాడు తిప్పయ్య. శశికుమార్ మోచేత్తో పొడిచాక నాలిక కరుచుకున్నాడు.

"కుళాయి కింద ఉండాల్సిన బిందె గోడ కింద ఎందుకుంది? దాని పైన సన్న పైపు. బొట్టు బొట్టు కారుతోంది. ఏసీ నీళ్లు. కింద ఏసీ లేదని మన శశికుమారే చెప్పినాడు, ప్రజల ఆఫీసంట. ఆ పైపు పై అంతస్తు నుంచి దిగింది."

ఆమె శశికుమార్ ఎదుటికి వచ్చి నిలబడింది.

"పాత ఫ్లెక్సీలకు ఏసీ ఎందుకప్పా?"

శశికుమార్ చూపు పైకప్పు మీదికి పోయింది.

"తలుపుకు సాలెగూడు ఉండాది కదా మేడమ్?" దేవేంద్ర గొంతు చిన్నబోయింది.

"మెట్ల తలుపుకు ఉంది. ఇంటి మిద్దె మీద నుంచి ఆఫీసు మిద్దె మీదికి ఒక్క అంగ. అక్కడి నుంచి దిగే తలుపుకు సాలెగూడు ఉందేమో పోయి చూడు."

దేవేంద్ర రాడ్ తీసుకుని పరుగెత్తాడు. శశికుమార్ చిన్నక్క మీదికి ఉరికాడు.

"నిన్నెవరే ఆడ బిందె పెట్టమన్నది? తిన్నింటికే ద్రోహం చేస్తావా?"

"నాకేం తెలుసప్పా పైన సార్ ఉండాడని!" చిన్నక్క బెదిరిపోయింది. మరుక్షణమే గొంతు లేచింది. "నీళ్లు మట్టిపాలైతాంటే నేను చూస్తా ఊరుకోలేను. ఒక్క బిందెకు రెండు మైళ్లు నడిచినోళ్లం మేము!"

పైన తలుపు విరిగిన చప్పుడు. కాసేపటికి బనియను మీద చొక్కా తొడుక్కుంటూ చంద్రమోహన్ దిగాడు. వారం రోజుల గడ్డం, చల్లగాలికి బిగిసిన గొంతు. ఛాతీ నొప్పి జాడ మాత్రం లేదు.

"ఎవరు చెప్పినారు?" అందరి మొహాలూ చూశాడు. "నా ఉప్పు తిని నా జాడ చెప్పిందెవరు?"

"ఎవరూ చెప్పలేదు సార్" అంది మల్లీశ్వరి. "చిన్నక్క మీ ఇంట్లో ఎన్నేళ్ల నుంచి పనిచేస్తాంది?"

"ఐదారేళ్లు. అయితే?"

"ఆమెది ఏ ఊరో తెలుసా?"

చంద్రమోహన్ చిన్నక్క వైపు చూశాడు. గుర్తు రాలేదు. అసలు తెలిస్తే కదా గుర్తొచ్చేది.

"నీవే చెప్పు అక్కా."

"గుట్టకిందపల్లె" అంది చిన్నక్క.

సందులో బొట్టు బిందెలో పడుతున్న చప్పుడు లోపలికి వినిపిస్తోంది.

"ఇంక నిన్ను ఈడ ఉండనీరు. జీపెక్కు" అంది మల్లీశ్వరి. చిన్నక్క ఎక్కింది, బిందెతో సహా.

కోర్టు హాలు చేరేసరికి నాలుగున్నర. మారెప్ప కోడలు గుమ్మం దగ్గర చంటిబిడ్డను ఎత్తుకుని మామను కళ్లతోనే బతిమాలుతోంది. మారెప్ప బోనులోకి ఎక్కాడు. చంద్రమోహన్ అతని వైపే కన్నార్పకుండా చూస్తున్నాడు.

"పైపులు లారీకెత్తించిన మనిషి ఈ హాలులో ఉన్నాడా?" జడ్జి అడిగాడు.

మారెప్ప గుమ్మం వైపు, కోడలి చేతిలోని బిడ్డ వైపు చూశాడు.

"అయ్యా, గుక్కెడు నీళ్లు."

బంట్రోతు గ్లాసు అందించాడు. మారెప్ప చుక్క మిగల్చకుండా తాగాడు. తువ్వాలుతో మూతి తుడుచుకున్నాడు. ఖాళీ గ్లాసును జాగ్రత్తగా పక్కన పెట్టి, వేలెత్తాడు.

"ఉండాడయ్యా. ఈయప్పే."